చెలమకు కాపలా పెట్టిన నక్క

గంధర్వం అనే గాడిదకు తన గొంతంటే ప్రాణం. గిట్టనివాళ్లు దీన్ని గర్వం అంటారు గానీ, నిదానంగా ఆలోచిస్తే ఇది సుగుణమే. గంధర్వం ఎప్పుడైనా పక్కవాడి గొంతు మీద కన్నేసిందా? కోకిలను చూసి కుళ్లుకుందా? లేదు. దేవుడిచ్చినదాంతో తృప్తిపడింది. దేవుడు కాస్త ఎక్కువ ఇచ్చాడంటే అది గంధర్వం తప్పు కాదు.

ఒకప్పుడు అది ఊళ్లో మూటలు మోసేది. ఒకరోజు మూట కింద పడేసి, వెనక్కి చూడకుండా ఎర్రవంక దాకా పరిగెత్తింది. "బానిసత్వాన్ని తన్ని వచ్చినా" అని అందరికీ చెప్పుకుంది. ఆ రోజు వెనకాల ఒక కుక్క తరుముతూ ఉన్న సంగతి మాత్రం చెప్పలేదు. అడిగితే చెప్పేదే, ఎవరూ అడగలేదు. అప్పట్నుంచి స్వేచ్ఛ గురించి మాట్లాడే బాధ్యత గంధర్వం ఒక్కటే భుజాన వేసుకుంది. ఊళ్లో మోసిన మూటలకంటే ఇదే బరువని దాని అభిప్రాయం.

ఎర్రవంక అంటే వానాకాలంలో ఏరు, ఎండాకాలంలో ఉత్త ఇసుక. మార్చి దాటితే పైన చుక్క నీరు కనపడదు. అడుగున మాత్రం ఊట ఉంటుంది. ఇసుకను లోతుగా తవ్వితే నీళ్లు ఊరి గుంట నిండుతుంది. ఆ గుంటనే చెలమ అంటారు. వరాలు అనే ఆడ అడవిపంది ఏటా తన ముట్టెతో పెద్ద చెలమ ఒకటి తవ్వేది. దాంట్లోనే మేకలు, దుప్పులు, కోతులు, పిట్టలు అన్నీ తాగేవి.

చెలమతో ఒక చిక్కుంది. ఎవరు దిగినా గట్టు జారి ఇసుక లోపల పడుతుంది. అలాగే వదిలేస్తే ఊట పూడిపోతుంది. అందుకని తాగినవాళ్లు పోయేముందు, పడిన ఇసుకను కాలితోనో మూతితోనో బయటికి తోసి పోవడం అలవాటు. ఈ పద్ధతి ఎవరు పెట్టారో ఎవరికీ తెలీదు. తోశారా లేదా అని చూసేవాళ్లు లేరు. తోయకపోతే శిక్షా లేదు. అయినా అందరూ తోసేవారు. పిచ్చుక కూడా ముక్కుతో ఇంత ఇసుక అవతల పడేసి ఎగిరిపోయేది.

గంధర్వం మాత్రం కడుపునిండా తాగి, స్వేచ్ఛ మీద నాలుగు మాటలు చెప్పి, చెప్పిన సంతోషంలో అలాగే వెళ్లిపోయేది.

"అబ్బీ, ఇసక?" అని వరాలు వెనకనుంచి అరిచేది.

"ఆలోచనలో ఉండానక్కా!"

"ఆలోచన కాళ్లతో చేస్తావా నువ్వు?" అంటూ వరాలు తనే ఆ ఇసుక తోసేది.

ఒక పొద్దున కోతి, మేకపోతు ఒకేసారి చెలమలో మూతి పెట్టబోయి గుద్దుకున్నాయి. నీళ్లు బురదయ్యాయి. కోతి మేకపోతు గడ్డం గురించి, మేకపోతు కోతి వెనకభాగం గురించి తమకు తోచింది అన్నాయి. ఈలోగా నీళ్లు తేటపడ్డాయి. ఇద్దరూ తాగి, చెరోపక్క ఇసుక తోశారు. అక్కడితో అయిపోవాల్సిందే. కానీ తంగేడు పొద చాటునుంచి జంబయ్య అనే నక్క అంతా చూసింది.

"అయ్యయ్యో! ఏంది ఈ అరాచకం!" అని తల పట్టుకుని బయటికొచ్చింది.

"అరాచకం అంటే ఏంది?" అంది వరాలు.

"పైన పెద్ద అంటూ ఎవరూ లేకపోవడం."

"అయితే ఇన్నేళ్లూ మేం తాగింది అరాచకం నీళ్లేనా? తియ్యగానే ఉన్నాయే."

అందరూ నవ్వారు. జంబయ్య కూడా నవ్వింది. "నవ్వుకోండి తల్లీ. ఈరోజు మూతులు గుద్దుకున్నాయి. రేపు కొమ్ములు గుద్దుకుంటే? ఎవరు ముందు తాగాల, ఎవరు వెనక తాగాల, చెప్పేవాడు ఒకడుండాల. నాకేం మోజు లేదు. ఈ ఒక్క ఎండాకాలం చెలమ పక్కనున్న ఆ బండమీద కూచుంటా. వానలు పడినాక దిగిపోతా."

"వానలు పడితే చెలమే ఉండదు కదప్పా. అప్పుడు దిగితే ఎంత, దిగకుంటే ఎంత?" అంది వరాలు.

మళ్లీ నవ్వు. ఇక లాభం లేదని జంబయ్య గంధర్వం వైపు తిరిగింది. "గంధర్వం బావా, నా దిగులంతా నీ గురించే. ఎవరెప్పుడు రావాలో పొద్దున్నే చాటాలంటే ఏడు గుట్టల అవతలికి వినపడే గొంతు కావాల. అట్లాంటి గొంతు యాడుంది?"

"యాడికో ఎందుకు మామా పోవడం? ఇక్కడే ఉంది" అంది గంధర్వం.

"నువ్వు స్వేచ్ఛ మనిషివి కదా, ఒప్పుకోవేమో అని..."

"చాటడం కూడా ఒక స్వేచ్ఛే మామా." అని మెడ సాచి ఓండ్రపెట్టింది. "జంబయ్య మామే మన పెద్ద! ఎవరికైనా అభ్యంతరం ఉందా?"

అభ్యంతరాలు చాలానే ఉన్నాయి. ఆ ఓండ్రలో ఒక్కటీ వినపడలేదు.

జంబయ్య బండెక్కింది. మొదట్లో వరస మాత్రమే చెప్పింది. తర్వాత వరస తప్పకుండా చూడ్డానికంటూ ఊళ్లోంచి బంటు అనే కుక్కను తెచ్చి చెలమకు కాపలా పెట్టింది. బంటును చూడగానే గంధర్వం గుర్తుపట్టింది. ఊరవతల దాకా తనను తరిమింది ఇదే. బంటు కూడా గుర్తుపట్టింది. ఇద్దరూ ఇప్పుడు ఒకే కొలువులో ఉన్నారు కనక ఆ పాత సంగతి ఎత్తలేదు.

ఆపైన తాగేముందు బండకేసి తోక దించాలన్నారు. పొద్దున్నే తేటగా ఉండే నీళ్లు జంబయ్యకే అన్నారు. ఒకరోజు గంధర్వం చేత ఇంకోటి చాటించారు. పిట్టలకు రెక్కలున్నాయి, యాడికైనా పోగలవు, కాబట్టి అవి పొద్దు వాలినాకే తాగాలి.

పిట్టల్లో చుక్కమ్మ అనే తీతువు ఉంది. తీతువులు చెట్టెక్కి గూడు కట్టవు. ఇసుకలోనే గుడ్లు పెడతాయి. ఎర్రవంక ఇసుక మధ్యాహ్నం వేళ గింజలు వేస్తే పేలాలు అయ్యేంత కాలుతుంది. అప్పుడు తీతువు చెలమలో దిగి పొట్ట ఈకలు తడుపుకొని, పోయి గుడ్లమీద కూచుంటుంది. ఆ తడి ఆరిపోతే గుడ్లు ఉడికిపోతాయి. పొద్దు వాలేదాకా ఆగమంటే, ఇక పిల్లల సంగతి మర్చిపొమ్మని చెప్పడమే.

చుక్కమ్మ బండ దగ్గరికి ఎగిరొచ్చింది. "అయ్యా, నాకు తాగడానికి వద్దు. పొట్ట తడుపుకొని పోతా. గుడ్లు కాలిపోతాండాయి."

"పద్ధతి అంటే పద్ధతే అమ్మాయీ. నీ ఒక్కదానికి సడలిస్తే రేపు పిచ్చుక వస్తుంది, ఎల్లుండి కాకి వస్తుంది." జంబయ్య గొంతు తగ్గించింది. "కానీ తల్లివి కదా, చూస్తూ ఊరుకోలేను. గుడ్లు యాడున్నాయో గుర్తు చెప్పు. నీళ్లు ఇంటికే పంపిస్తా."

చుక్కమ్మ దాని మూతి వంక చూసింది. "నీ నోట్లోనే ఇన్ని ఊరతాండాయి కదయ్యా, చెలమ నీకెందుకు?" అని ఎగిరిపోయింది.

సరాసరి వచ్చి గంధర్వం వీపుమీద వాలింది. "అన్నా, స్వేచ్ఛ స్వేచ్ఛ అని చెవులు చిల్లులు పొడిచావే. నా గుడ్ల మీదకొచ్చేసరికి ఆ చాటింపు నీ నోటినుంచే వచ్చింది."

"అది నా మాట కాదమ్మా, చాటమన్నారు..."

"మా తీతువులు రాత్రిళ్లు కాళ్లు పైకెత్తి ఆకాశం పడకుండా మోస్తాయంటారు. అది ఏ పెద్దా చెప్పకుండానే చేస్తాండాం. పొట్ట తడుపుకోడానికి మాత్రం పెద్ద కావాలా?"

గంధర్వం చెవులు వాలిపోయాయి. జీవితంలో మొదటిసారి దానికి మాట దొరకలేదు. కాసేపటికి దొరికింది. ఇక్కడే అసలు కష్టం మొదలైంది.

మిట్టమధ్యాహ్నం సభ పెట్టింది. జంతువులన్నీ ఎండలో నిలబడ్డాయి. గంధర్వం ఊళ్లో మూటలు మోసిన రోజులనుంచి ఎత్తుకుంది. మూటలు దించేసరికి సగం మేకలకు కళ్లు తిరిగాయి. "మనమీద ఎవరి పెత్తనమూ వద్దు! అందుకని పెత్తనం వద్దనేవాళ్ల సంఘం ఒకటి పెడదాం! దానికి అధ్యక్షుడిగా నేనే ఉంటా!"

"పెత్తనం వద్దనే సంఘానికి అధ్యక్షుడా?" అంది వరాలు.

"ఎవరో ఒకరు ఉండాల కదక్కా."

"ఈ మాట ఇదివరకే జంబయ్య నోట విన్నట్టుందే."

ఇంతలో బంటు వచ్చి గట్టిగా మొరిగింది. సభ చెదిరిపోయింది. అందరికంటే ముందు అధ్యక్షుడు పరిగెత్తాడు. అలవాటైన దారే కదా.

సభ చెదిరిన కాసేపటికే జంబయ్య కబురు పంపింది. "సభ బాగా పెట్టినావు బావా. గొంతు కూడా బాగా పలికింది. రేపు పొద్దున్నే వచ్చి ఎప్పట్లాగే చాటు." గంధర్వానికి అవమానం అనిపించాలి. గొంతు బాగుందన్న మాట దగ్గర కాసేపు ఆగిపోయి, తర్వాత అవమానం అనిపించింది.

మొహం వేలాడేసుకుని వంక మలుపు తిరిగేసరికి, అక్కడ వరాలు ముట్టెతో ఇసుక ఎగజిమ్ముతూ కనిపించింది.

"అక్కా, మన పోరాటం ఓడిపోయింది."

"ఆఁ ఆఁ. కాస్త పక్కకు జరుగు, ఇసక నీ మీద పడతాంది."

"ఏం చేస్తాండావు?"

"కనపడలేదా? చెలమ."

"జంబయ్య మామ ఒప్పుకున్నాడా?"

"కింద ఊటను అడిగినా. దానికి అభ్యంతరం లేదంది."

గుంటలో తడి కనపడగానే పైనుంచి రివ్వున చుక్కమ్మ దిగింది. నీళ్లు ఊరేదాకా కూడా ఆగలేదు. ఆ బురదలోనే పొట్ట పొర్లించి, గుడ్ల దగ్గరికి ఎగిరింది. గంధర్వం నోరు తెరుచుకుని చూసింది. తన సభ చేయలేని పని ఈ బురదగుంట చేసింది.

"వాడికి తెలిస్తే వచ్చి దీనిమీదా కూచుంటాడక్కా" అంది.

"కూచుంటాడు. ఒక చెలమ ఉంటే ఒకచోట కూచుంటాడు. వంక పొడుగునా చెలమలుంటే వాడికి అన్ని పిర్రలు యాడివి? మేకలకు గిట్టలున్నాయి, కోతులకు చేతులున్నాయి. అందరూ తలో గుంట తవ్వుతామంటాండారు. అంతదాకా వాడు ఆ బండ దిగకూడదు." వరాలు తలెత్తి గంధర్వాన్ని చూసింది. "అది నీ పని. నీ కొలువు మానొద్దు. ఇంకా గట్టిగా చెయ్."

"అంటే నేను మీతో లేనట్టు నటించాలా?"

"అంతే."

"మరి తర్వాతైనా నా పేరు చెప్తారు కదా?"

"ఎవరికి?"

"అందరికీ."

"ఎవరి పేరూ చెప్పం. ఎవరు చేశారని తెలిస్తే వాడి వెంట పడతారు. లేకపోతే వాణ్ని తీసుకెళ్లి బండెక్కిస్తారు."

గొంతు పోయినా గంధర్వం ఇంత బాధపడేది కాదేమో. చివరికి చిన్నగా, ఎవరూ వినని గొంతుతో "సరే" అంది.

తెల్లారగానే పాత చెలమ గట్టుమీదికొచ్చి చాటింపు మొదలెట్టింది. "దుప్పులారా, రండి! జంబయ్య మామ కొలువు తీరినాడు!"

ఒక్క దుప్పీ రాలేదు.

"ఏరి బావా?" అంది జంబయ్య బండమీదనుంచి.

"పొద చాటున ఉన్నాయి మామా. నీ ముందు తోక ఎట్లా దించాలో సాధన చేస్తాండాయి. నిన్న సరిగ్గా దించలేదని సిగ్గుపడతాండాయి."

జంబయ్య ముసిముసిగా నవ్వింది. "తొందరేం లేదు, బాగా నేర్చుకుని రమ్మను."

"మేకలారా, రండి!" గంధర్వం మెడ సాచి, కాళ్లు నేలకేసి బాదుతూ కూసింది. గట్టిగా కూసేటప్పుడు గిట్టలతో తాళం వేయడం దానికి చిన్నప్పట్నుంచి ఉంది. తాళం పడినప్పుడల్లా గట్టు జారి ఇంత ఇసుక చెలమలో పడింది.

మేకలూ రాలేదు. జంబయ్య మెడ సాచి చూసింది. "నేనే ఒకసారి దిగి చూసొస్తా."

గంధర్వం గబుక్కున అడ్డం వచ్చింది. "దిగొద్దు మామా! కొండ అవతలి ఏనుగులు నీ పెద్దరికం గురించి విన్నాయంట. దణ్ణం పెట్టి పోదామని బయల్దేరినాయంట. అవి వచ్చేసరికి నువ్వు బండమీద లేకపోతే ఏం బాగుంటుంది?"

"ఏనుగులా?" జంబయ్య మళ్లీ కూచుంది. తోక నాకి నున్నగా చేసుకుంది. ఎండెక్కింది. బండ కాలింది. ఒక పిర్రమీద కాసేపు, ఇంకో పిర్రమీద కాసేపు కూచుంది తప్ప దిగలేదు. "చూసినావా బావా, ఎక్కడెక్కడివాళ్లో తెలుసుకున్నారు. ఈ కట్టుబాటంతా నావల్లే కదా?"

"కాదు, నావల్ల" అనే మాట గంధర్వం నాలుక చివరిదాకా వచ్చింది. బయటికి దూకబోతూ ఉండగా, పక్కనున్న ముళ్లకంప నోటినిండా కుక్కుకుని నమిలింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. జంబయ్య దాన్ని భక్తి అనుకుంది.

"అయ్యా" అంది బంటు చెలమలోకి తొంగి చూసి, "నీళ్లు తగ్గినాయి. ఇసక పడి పూడతాంది."

"తీయమని చెప్పు."

"ఎవరికి?"

"జనానికి."

"జనం లేరయ్యా."

"అయితే నువ్వే తియ్."

"నా పని మొరగడం. తీయడం గురించి మనం మాట్లాడుకోలేదు."

"ఇన్నాళ్లూ ఎవరు తీసేవాళ్లు మరి?"

బంటుకు తెలీదు. జంబయ్యకూ తెలీదు. బండమీదనుంచి చూస్తే తోకలు కనపడతాయి గానీ కాళ్లు కనపడవు. "గంధర్వం బావా, నువ్వైనా..."

"నేను చాటేవాణ్ని కదా మామా. కావాలంటే ఇసక తీయాలని చాటుతా." అని ముళ్లకంప మింగి, ఊపిరి నిండా పీల్చి, జీవితంలో ఎన్నడూ కూయనంత గట్టిగా, గిట్టలన్నీ కలిపి బాదుతూ కూసింది. మిగిలిన గట్టంతా ఒక్కసారిగా కూలింది. చెలమ ఉన్నచోట ఉత్త ఇసుక మిగిలింది.

బంటు ముక్కెత్తి గాలి వాసన పట్టింది. తడి ఇసుక వాసన వంక మలుపు వైపునుంచి వస్తోంది. ఎవరికీ చెప్పకుండా అటు నడిచింది. నోరెండిపోయిన జంబయ్య ఇక ఏనుగులనూ మరిచి బండ దిగి వెంటపడింది.

మలుపు తిరిగితే వంక పొడుగునా చెలమలే. మేకలు తవ్వినవి వంకరగా, కోతులు తవ్వినవి మరీ వంకరగా ఉన్నాయి. నీళ్లు మాత్రం అన్నింట్లోనూ తేటగా ఉన్నాయి. ఒకదాంట్లో చుక్కమ్మ పొట్ట తడుపుకుంటోంది.

"ఎవరు తవ్వమన్నారు?" జంబయ్య అరిచింది. "ఎవరు మీ పెద్ద?"

గంధర్వం నోరు తెరిచింది. వరాలు దాని వంక చూసింది. గంధర్వం ఆవలించినట్టు నటించి నోరు మూసుకుంది.

"ఎవరూ లేరే" అంది మేకపోతు.

"పెద్ద లేకుండా ఇన్ని చెలమలు ఎట్లా వస్తాయి?"

"ముట్టెతో" అంది వరాలు.

"బంటూ! మొరుగు!"

బంటు నీళ్లలోంచి తడిమూతి పైకెత్తి, "ఉండయ్యా, తాగుతాండా" అని మళ్లీ దించింది. తాగాక, పక్కవాళ్లు చేస్తున్నట్టే వెనక్కాళ్లతో ఇసుకను బర్రుబర్రున ఎగదన్నింది. కుక్కలకు ఆ విద్య కొత్తేం కాదు.

జంబయ్య చుట్టూ చూసింది. తోక దించుకుని మేకల చెలమ దగ్గరికి వచ్చింది. "నేను... తాగొచ్చా?"

"అడుగుతావేంది? తాగు" అంది వరాలు. "పోయేముందు పడిన ఇసక తోసి పో."

జంబయ్య తాగింది. దిగేటప్పుడు ఇసుక జారింది, ఎక్కేటప్పుడు ఇంకాస్త జారింది. తన కాళ్ల వంక చూసుకుంది. మెత్తటి కాళ్లు, ఇసుక ఎరగనివి. "నాకు ఈ పని నుంచి మినహాయింపు కావాల. ఎవర్ని అడగాల?"

"అదే వచ్చిన చిక్కు" అంది వరాలు. "ఇయ్యడానికి ఇక్కడ పెద్దలు ఎవరూ లేరు."

పైన బతిమాలడానికి ఎవరూ లేరు, కింద పురమాయించడానికి ఎవరూ లేరు. తోస్తుందా లేదా అని చూసేవాళ్లు కూడా లేరు. ఎవరి తాగుడులో వాళ్లున్నారు. జంబయ్య కాసేపు నిలబడి, తర్వాత వంగి, ముందుకాలితో కొంచెం ఇసుక తోసింది. ఇంకొంచెం తోసింది. తోస్తూ తోస్తూ గంధర్వం దగ్గరికి జరిగి మెల్లిగా అడిగింది. "బావా, ఏనుగులు ఎంతదాకా వచ్చింటాయి?"

"దారిలో ఉన్నాయి మామా. నువ్వు తోస్తా ఉండు."

వానలు రాకముందే చుక్కమ్మ గుడ్లు పగిలాయి. ఇసుకరంగు పిల్లలు అంతింత కాళ్లతో చెలమ నుంచి చెలమకు పరుగులు తీశాయి.

నీతి ఏమిటంటే, ఈ లోకానికి పెద్ద కావాలని ఎవరైనా వచ్చి చెప్తే ముందు వాళ్ల కాళ్లకు ఇసుక అంటిందో లేదో చూడాలి.

గంధర్వం కాళ్లకు ఇప్పుడు అంటుతోంది. తాగాక అందరిలాగే ఇసుక తోస్తుంది. తోసి ఊరుకోవడం మాత్రం ఇంకా నేర్చుకోలేదు. తోసిన ప్రతిసారీ గట్టుమీద నిలబడి, గిట్టలు బాదుతూ, ఏడు గుట్టల అవతలికి వినపడేలా ఆ సంగతి చాటుతుంది. ఆ దెబ్బకు ఇసుక మళ్లీ లోపల పడుతుంది.